పాత టేబులు, కౌంటరు మీద కొత్త మైకా మనమే అతికించుకోవడం ఎలా

మైకా అంటే చెక్క మీద అంటించే డిజైన్ షీట్, ఆ పని అనగానే చాలామందికి డిజైన్ సెలెక్ట్ చేయడమే పెద్ద పని అనిపిస్తది. కేటలాగులు తిరగేసి తిరగేసి ఇంట్లో అందరూ ఒక కలర్ మీద ఒప్పుకునేసరికి నీరసం వచ్చేసి, అతికించే పని ఎవరికో అప్పజెప్పి వదిలేస్తారు. తర్వాత రెండు మూడేళ్లకే అంచులు లేచిపోయి, మూలల్లో పొంగిపోయి, చెయ్యి పెడితే గీసుకుపోయే కౌంటర్లు ఎన్ని షాపుల్లో చూస్తుంటామో. వాటిలో షీట్ తప్పు వల్ల పాడైనవి చాలా తక్కువ. కింద చెక్క తడిగా ఉండి ఉంటది, లేదా గమ్ము పని తొందరలో కానిచ్చేసి ఉంటారు, లేదా అంచులు మూయకుండా వదిలేసి ఉంటారు. ఈ మూడూ కరెక్ట్‌గా చూసుకుంటే మామూలు రేటు షీట్ కూడా ఏళ్ల తరబడి నిలబడతది.

ఇంట్లో పాత స్టడీ టేబులో, డైనింగ్ టేబులో, షాపు కౌంటరో ఉంది, చెక్క గట్టిగానే ఉంది గానీ పైన మైకా పాడైంది, మనమే మార్చుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. కార్పెంటర్‌తో చేయించుకునేవాళ్లు కూడా చదవండి, పక్కన నిలబడి ఏం చూడాలో తెలుస్తది. ఒక్క మాట ముందే చెప్తున్నా, వంటింట్లో సింకు, స్టవ్ ఉండే గట్టుకి మాత్రం నేను గ్రానైటే వేయించుకోమంటా. మన దగ్గర గ్రానైట్ దొరకని ఏరియా లేదు, నీళ్లు నిలిచే చోట మైకా వేసి దాన్ని రోజూ తుడుచుకుంటూ కాపాడుకోవాల్సిన అవసరం ఏముంది చెప్పండి. గట్టు కింద షట్టర్లకి, అంటే అల్మారా తలుపులకి, వార్డ్‌రోబ్‌కి, క్రాకరీ యూనిట్‌కి, పిల్లల టేబులుకి, మెడికల్ షాపు కౌంటరుకి మాత్రం మైకాని మించింది లేదు.

ఈ షీట్ దేంతో చేస్తారో తెలిస్తే సగం పని అర్థమైపోతది

పేరుకి ప్లాస్టిక్ అంటాం గానీ ఇందులో ఎక్కువ భాగం కాగితమే. గోధుమ రంగు క్రాఫ్ట్ పేపర్‌ని ఫినాలిక్ రెసిన్‌లో తడిపి పొరలు పొరలుగా పేరుస్తారు, దాని మీద మనకి కనపడే డిజైన్ పేపర్‌ని మెలమైన్ రెసిన్‌లో తడిపి పెడతారు, మొత్తాన్ని సుమారు 140, 150 డిగ్రీల వేడిలో భారీ ప్రెషర్‌తో నొక్కితే గట్టి షీట్ అవుతది. 1912, 13 ప్రాంతంలో అమెరికాలో ఇది మొదలైంది కూడా ఫర్నిచర్ కోసం కాదు, కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌కి అసలు మైకా, అంటే అభ్రకం అనే ఖనిజం బదులు వాడదామని చేశారు, డిజైన్ పొర తర్వాత వచ్చింది. మనకి కావాల్సిన పాయింట్ ఏంటంటే, పైముఖం రాయిలా ఉన్నా వెనకవైపు, అంచుల దగ్గర ఉన్నది కాగితమే. తేమకి కొంచెం సాగుతది, ఎండకి కొంచెం కుంచించుకుపోతది, అది కూడా పొడవు వైపు కంటే అడ్డం వైపు దాదాపు డబుల్ కదులుతది. నీళ్లు లోపలికి పోయే దారి ఎప్పుడూ అంచే. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఇక్కడి నుంచే వస్తది.

ముందు చెక్క సంగతి తేల్చండి

టేబుల్ మీద వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి సౌండ్ వస్తే ఓకే, డొల్ల సౌండ్ వస్తే అక్కడ మైకా గానీ ప్లైవుడ్ పొర గానీ విడిపోయిందని అర్థం. స్క్రూడ్రైవర్ తీస్కొని అంచుల్లో, కాళ్లు కలిసే చోట, కింది వైపు గుచ్చి చూడండి, మెత్తగా దిగిపోతే అది పోయినట్టే. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే ఇంకా జాగ్రత్త, ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఎన్ని రోజులు ఎండబెట్టినా మళ్లీ పాత సైజుకి రాదు, దాని మీద కొత్త షీట్ అంటించడం డబ్బు దండగ. బోర్డే మార్చేయండి. చెద పట్టిన మట్టి గీతలు కనపడితే ముందు దానికి ట్రీట్‌మెంట్ చేయించాకే మిగతా పని.

కొత్త ప్లైవుడ్ కొనాల్సి వస్తే, తడి తగలని చోటికి ఎంఆర్ గ్రేడ్, అంటే మామూలు తేమని తట్టుకునే రకం చాలు, దాని మీద ఐఎస్ 303 అని భారత ప్రమాణం స్టాంపు ఉంటది. వంటింటికి, వాష్‌బేసిన్ పక్కకి బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీళ్లకి కూడా తట్టుకునే రకం తీస్కోండి, దాన్నే మెరైన్ ప్లై అంటారు, ఐఎస్ 710 అని ఉంటది. షాపువాడు నోటితో చెప్పడం కాదు, బోర్డు మీద ముద్ర చూడండి.

షీట్ కొనేటప్పుడు

సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్తే షాపుల మీద షాపులు ఉంటాయి, మీ ఏరియా ప్లైవుడ్ షాపులో కూడా దొరుకుతది. మామూలు సైజు 8 అడుగులు బై 4 అడుగులు. టేబుల్ పైభాగానికి, కౌంటర్‌కి 1 ఎంఎం మందం ఉన్నదే తీస్కోండి, 0.8 షట్టర్ల లోపలికి పనికొస్తది గానీ రోజూ సామాన్లు రాసుకునే చోట వద్దు. అంచు మీద వేలు పెట్టి చూస్తే 0.8కి, 1కి తేడా తెలీదు, వీలైతే వెర్నియర్‌తో, అంటే సన్న మందాలు కొలిచే పరికరంతో కొలవమనండి, ఐఎస్ 2046 మార్కు ఉందేమో చూడండి.

మీ టేబుల్ 4 బై 2 అడుగులే అయితే ఫుల్ షీట్ కొనకముందు దగ్గర్లో ఇంటీరియర్ పని చేసే కార్పెంటర్‌ని అడగండి, వాళ్ల దగ్గర మిగిలిన పెద్ద ముక్కలు ఊరికే పడుంటాయి, తక్కువకి ఇచ్చేస్తారు. రెండు షీట్లు కావాల్సి వస్తే మాత్రం ఒకే బ్యాచ్‌వి అడిగి తీస్కోండి, వెనక ప్రింట్ అయిన నంబర్లు చూడండి, ఒకే డిజైన్ నంబర్ అయినా బ్యాచ్ మారితే షేడ్‌లో చిన్న తేడా వస్తది, షాపులో కనపడదు, పక్కపక్కన అంటించాక కొట్టొచ్చినట్టు కనపడతది.

ఫినిష్ గురించి కొంచెం గట్టిగానే చెప్తా. పడుకోబెట్టిన టేబుల్ మీద హై గ్లాసీ, అంటే బాగా మెరిసే ఫినిష్ వేయొద్దు. మొదటి నెల అద్దంలా మెరుస్తది, తర్వాత ప్రతి గీతా లైటు కింద కనపడతది, మైకాకి మళ్లీ పాలిష్ పట్టడం అంటూ ఉండదు. నల్లటి మ్యాట్ వేస్తే వేలిముద్రలు, దుమ్ము. లోతైన గీతలున్న టెక్స్‌చర్ వేస్తే పసుపు, పిండి ఆ గీతల్లో కూర్చుంటాయి. రోజువారీ వాడకానికి స్వేడ్ ఫినిష్‌లో, అంటే మెరుపు తక్కువగా ఉండే రకంలో మధ్యరకం రంగులు, సన్న చెక్క గీతలున్న డిజైన్లు అన్నిటికంటే సుఖం. గ్లాసీ ఫినిష్ అంత ఇష్టమైతే నిలువు షట్టర్లకి వేసుకోండి. ఇంకోటి, షాపు లైట్ల కింద డిసైడ్ చేయకండి, శాంపిల్ ముక్క అడిగి ఇంటికి తెచ్చి, పొద్దున వెలుతుర్లో, రాత్రి మీ ఇంటి లైటు కింద చూసి అప్పుడు ఆర్డర్ చెప్పండి.

ఫుల్ షీట్ బరువు సుమారు 4 కిలోలే, కాబట్టి ఆటోలో తెచ్చుకోవచ్చు, చుట్టినప్పుడు డిజైన్ వైపు లోపలికి ఉండాలి, చుట్ట పెద్దగా వదులుగా ఉండాలి, బిగించి కడితే పగుళ్లు వస్తాయి. మూలలకి అట్టముక్కలు పెట్టించుకోండి. ఇంటికి రాగానే విప్పి నేల మీద పరిచి, ఏ గదిలో అంటిస్తారో ఆ గదిలోనే బోర్డు, షీటు రెండూ రెండు మూడు రోజులు ఉంచండి. పైన చెప్పిన సాగడం కుంచించుకుపోవడం అంతా అతికించకముందే అయిపోవాలి, మే నెల ఎండలో డాబా మీద పెట్టిన షీట్‌ని అప్పటికప్పుడు తెచ్చి అంటిస్తే వానాకాలం రాగానే అది సాగి మధ్యలో పొంగే ఛాన్స్ ఉంది.

పాత మైకా పీకడం

పాతది అన్ని వైపులా గట్టిగా పట్టుకొని ఉంటే పీకాల్సిన పని లేదు, 80 నంబర్ ఎమ్రీ పేపర్‌తో మెరుపు మొత్తం పోయేదాకా గరుకుగా రుద్ది దాని మీదే కొత్తది అంటించొచ్చు. ఎక్కడైనా లేచి ఉంటే మొత్తం తీసేయాల్సిందే, లేచిన దాని మీద అంటించినది దాంతోపాటే లేస్తది. హాట్ ఎయిర్ గన్‌తో, అది లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేసి, పుట్టీ బ్లేడు దూర్చి మెల్లగా లేపుకుంటూ వెళ్లండి. తొందరపడి లాగితే ప్లై పైపొర కూడా ఊడొచ్చేస్తది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, విరిగిన మైకా అంచు బ్లేడులా కోస్తది. మిగిలిన రబ్బరు గమ్ముని థిన్నర్ గుడ్డతో మెత్తబరిచి గీకేయండి, కిటికీలు తెరిచి.

తర్వాత 80తో, ఆ తర్వాత 120తో రుద్ది సాఫీ చేయండి. పాత పెయింటు, పాలిష్ ఏదున్నా పోవాలి, లేకపోతే గమ్ము పెయింటుని పట్టుకుంటది గానీ చెక్కని పట్టుకోదు. మేకు రంధ్రాలు, గుంటలు వుడ్ ఫిల్లర్‌తో గానీ, రంపపు పొట్టు ఫెవికాల్ కలిపిన ముద్దతో గానీ నింపి ఆరాక మళ్లీ రుద్దండి. చివర్లో పొడిగుడ్డతో తుడిచి అరచేత్తో మొత్తం తడమండి. చేతికి తగిలిన ప్రతి ఇసుక రేణువూ తర్వాత పైన బొడిపెలా కనపడతది.

కొలత, కటింగ్

టేప్‌తో కొలిచేటప్పుడు నాలుగు వైపులా విడివిడిగా కొలవండి, పాత టేబుళ్ల మూలలు గునియాకి, అంటే తొంభై డిగ్రీలు చూసే మూలమట్టానికి, కరెక్ట్‌గా ఉండవు. షీట్‌ని ప్రతి వైపూ నాలుగు సూతులు, అంటే అర అంగుళం ఎక్కువ ఉంచి కోయండి, అంటించాక ఆ మిగులు తీసేస్తాం. చెక్క గీతల డిజైన్ అయితే గీతలు టేబుల్ పొడవు వెంబడి రావాలి, షట్టర్లకి అయితే అన్నిటికీ నిలువుగా ఒకే దిశలో రావాలి. పెన్సిల్‌తో వెనకవైపు బాణం గుర్తు వేసుకుంటే తికమక ఉండదు.

కోయడానికి మైకా కట్టర్ అని వంకర ముక్కున్న చిన్న కత్తి దొరుకుతది. డిజైన్ వైపు స్టీల్ పట్టీ గట్టిగా పట్టుకొని, మొదటి గీత లైట్‌గా, తర్వాత మూడు నాలుగు గీతలు బలంగా అదే దారిలో లాగండి. పట్టీని గీత మీద నొక్కి ఉంచి రెండో వైపు షీట్‌ని పైకి లేపితే గీత వెంబడి విరుగుతది. మెషీన్ రంపం వాడితే ఒక సంగతి, జిగ్‌సా పళ్లు కింద నుంచి పైకి కోస్తాయి కాబట్టి డిజైన్ వైపు కిందకి పెట్టాలి, చేతి రంపం ముందుకి తోసేటప్పుడు కోస్తది కాబట్టి డిజైన్ వైపు పైకి ఉండాలి. రెండిట్లో ఏదైనా గీత మీద మాస్కింగ్ టేప్ వేస్తే చిట్లడం తగ్గుతది.

అంచు ముందా, పైభాగం ముందా

ఇది చాలామంది కార్పెంటర్లతో కూడా అడిగి చేయించుకోవాల్సిన విషయం. అంచుకి కూడా మైకా పట్టీయే వేస్తుంటే ముందు అంచు అంటించి, దాని మిగులు బోర్డుకి సమానంగా తీసేసి, ఆ తర్వాత పైషీట్ దాని మీదకి వచ్చేలా అంటించాలి. అప్పుడు జాయింట్ పక్కకి వస్తది, పైన పడ్డ నీళ్లు నేరుగా అందులోకి దిగవు, సామాను జరిపినప్పుడు అంచుకి తట్టుకోదు. పీవీసీ ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచుకి అంటించే ప్లాస్టిక్ పట్టీ వేస్తుంటే రివర్స్, పైషీట్ అంటించి మిగులు తీసేశాక బ్యాండ్ వేయాలి. చేతులు రోజూ ఆనే టేబుల్ అంచుకి 2 ఎంఎం బ్యాండ్ వేయండి, 0.8 తొందరగా చిట్లుతది. గోడ వైపు అంచు ఎవరికీ కనపడదని వదిలేయకండి, తేమ దూరేది అక్కడే.

గమ్ము

రెండు రకాలు. తెల్ల ఫెవికాల్ మెల్లగా పడతది, షీట్ పెట్టాక కూడా అటూ ఇటూ జరుపుకోవచ్చు, కొత్తగా చేసేవాళ్లకి ఇదే ఈజీ. కానీ రాత్రంతా బరువు ఉండాలి. పలచగా సమానంగా దంతాల స్ప్రెడర్‌తో పరిచి, షీట్ పెట్టి, మధ్యలోంచి బయటికి గుడ్డతో తోస్తూ గాలి తీసేసి, పైన ఫ్లాట్ ప్లై ముక్క పెట్టి దాని మీద టైల్స్ పెట్టెలో, బియ్యం బస్తాలో సమానంగా పేర్చండి. అంచుల దగ్గర క్లాంపులు పెట్టండి. మధ్యలో బరువు పెట్టి అంచులు వదిలేస్తే పొద్దున అంచులే లేచి ఉంటాయి.

రెండోది రబ్బరు గమ్ము, ఫెవికాల్ ఎస్ఆర్ లాంటివి. దీన్ని బోర్డుకీ, షీట్ వెనకకీ రెండింటికీ పూయాలి. కార్పెంటర్ ఒక్క వైపే పూస్తుంటే ఆపి "దోనో తరఫ్ లగావో భయ్యా" అని చెప్పండి. పూశాక వెంటనే కలపకూడదు, వేలు ఆనిస్తే అంటకుండా ఉండేదాకా ఆరనివ్వాలి, మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు పడతది, ఎండాకాలం ఇంకా తొందరగా. తడి మీద కలిపితే లోపల సాల్వెంట్ ఇరుక్కుపోయి తర్వాత బుడగలుగా పైకొస్తది. బోనాల టైములో ముసురు పట్టినప్పుడు ఈ గమ్ముతో పని పెట్టుకోవద్దు, ఆరుతున్న పొర మీద కంటికి కనపడని తేమ చేరి పట్టు పోతది. గట్టి ఎండ ఉన్న రోజు చూసుకోండి.

రబ్బరు గమ్ము ఒకసారి ఒకదానికొకటి తగిలిందంటే మళ్లీ జరపలేం. అందుకే బోర్డు మీద అడుగుకొకటి చొప్పున సన్న కర్ర పుల్లలు అడ్డంగా పేర్చి వాటి మీద షీట్ పెట్టండి, నాలుగు వైపులా మిగులు సమానంగా ఉందా చూసుకొని, మధ్య పుల్ల తీసి అక్కడ నొక్కండి, తర్వాత ఒక్కో పుల్ల తీస్తూ బయటికి నొక్కుకుంటూ వెళ్లండి. రబ్బరు రోలర్ ఉంటే మంచిది, లేకపోతే చెక్కముక్కకి గుడ్డ చుట్టి బలంగా రుద్దండి. దీనికి బరువు పెట్టాల్సిన పని లేదు గానీ పూర్తి పట్టు రావడానికి ఒక రోజు వదిలేయండి.

ఈ గమ్ము ఆవిరి అంటుకుంటది, దయచేసి ఇది లైట్ తీస్కోకండి. పని మొదలుపెట్టే ముందు గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్ చేయండి, పూజగదిలో దీపం, అగరుబత్తి ఏదీ వెలగకూడదు, సిగరెట్ అసలు వద్దు. కిటికీలు అన్నీ తెరిచి, పిల్లల్ని వేరే ఇంటికి పంపించి చేసుకోండి, వాసన తగ్గేదాకా ఆ గదిలో పడుకోవద్దు. స్టవ్ పక్క షట్టర్లకి మామూలు రబ్బరు గమ్ము వాడితే వేడికి మెత్తబడి జారిపోతది, వేడి తట్టుకునే రకం అని అడిగి తీస్కోండి.

షట్టర్లు చేస్తుంటే రెండు వైపులా మైకా తప్పనిసరి. ఒక్క వైపే అంటిస్తే ఆ వైపు కదలిక ఒకలా, రెండో వైపు ఇంకోలా ఉండి షట్టర్ విల్లులా వంగుతది, తర్వాత హింజెస్ ఎంత సెట్ చేసినా మూసుకోదు.

మిగులు తీయడం, కన్నాలు

ట్రిమ్మర్ మెషీన్ ఉంటే బేరింగ్ బిట్‌తో తిప్పేస్తే పది నిమిషాల పని. లేకపోతే ఆకురాయి. ఆకురాయిని కొంచెం వాలుగా పట్టుకొని, పైనుంచి కిందకి బోర్డు వైపు మాత్రమే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. వెనక్కి రుద్దితే డిజైన్ పొర చిట్లి తెల్ల మచ్చలు పడతాయి. చివర్లో సన్న ఎమ్రీతో అంచు పదును చంపేయండి.

సింకుకో, స్విచ్‌బోర్డుకో, కంప్యూటర్ వైర్లకో కన్నం కోయాల్సి వస్తే మూలలు నూటికి నూరుపాళ్లూ గుండ్రంగా ఉండాలి. ముందు నాలుగు మూలల్లో డ్రిల్‌తో కనీసం 10 ఎంఎం రంధ్రం వేసి, వాటిని కలుపుతూ కోయండి. షార్ప్‌గా తొంభై డిగ్రీల మూల కోస్తే ఆ మూల నుంచే పగులు మొదలై ఐమూలగా పాకుతది. కోసిన చోట బయటపడ్డ చెక్కకి సిలికాన్ పూసి మూసేయండి, గోడ కలిసే చోట కూడా అదే.

వాడకంలో

గుడ్డ తడిపి బాగా పిండి, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్‌తో తుడిస్తే చాలు. పచ్చ స్క్రబ్బర్, స్టీల్ పీచు వద్దు. బాత్రూమ్ యాసిడ్ క్లీనర్లు, బ్లీచ్ దీని మీద వాడొద్దు, పైపొర మెరుపు తినేస్తాయి. బోరు నీళ్ల తెల్ల చారలకి వెనిగర్‌లో నీళ్లు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవండి. పెన్ను, మార్కర్ గీతలకి దూదికి స్పిరిట్ గానీ నెయిల్ పాలిష్ రిమూవర్ గానీ అద్ది తీసేయొచ్చు. పసుపు మరక మొండికేస్తే వంట సోడా పేస్టు పెట్టి మెల్లగా రుద్దండి, మిగిలింది కిటికీ పక్క వెలుతురుకి కొన్నాళ్లకి తనే వెలిసిపోతది. పొయ్యి మీద నుంచి దించిన కుక్కరు, మూకుడు నేరుగా పెట్టొద్దు, స్టాండు పెట్టండి. కూరగాయలు దాని మీదే తరగొద్దు, కత్తి గాటు పోదు.

మధ్యలో ఎక్కడైనా చిన్న బుడగ వస్తే, రబ్బరు గమ్ముతో అంటించింది అయితే, దాని మీద మందపాటి కాటన్ గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె మీడియం వేడిలో కొన్ని సెకన్లు ఆనించి, తీసేసి, చల్లారేదాకా చెక్కముక్కతో గట్టిగా నొక్కి పట్టండి, చాలాసార్లు మళ్లీ అంటుకుంటది. అంచు లేస్తే ఆ రోజే చూడండి, లోపల దుమ్ము ఊదేసి, తడి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సన్న పుల్లతో గమ్ము లోపలికి పూసి క్లాంపు వేసేయండి. వారాల తరబడి వదిలేస్తే ఆ సందులోంచి తుడిచిన నీళ్లన్నీ చెక్కలోకి పోతాయి, అప్పుడిక బోర్డు మార్చాల్సిందే.